గ్రోమెట్ ఊడిపోయాక



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట ఎవరి పేరున సభ జరుగుతోందో వారి గుణగానానికి పోవడం మన ఆనవాయితీ. మా మాస్టారికి అది గిట్టేది కాదు కనుక ఒక్క మాటతో సరిపెడతాను. రౌండ్స్‌లో ఆపరేషన్ అయిన పిల్లాడి మంచం దగ్గర ఆగి ఆయన పీజీలను ఒక ప్రశ్న అడిగేవారు: "ఐదేళ్ల తర్వాత ఈ చెవి ఎట్లా ఉంటుంది?" మేం పుస్తకంలో ఉన్నది గడగడా అప్పజెప్పేవాళ్లం. అంతా విని, "ఎవరు చూశారు?" అనేవారు. చెవి, ముక్కు, గొంతు వైద్యంలో ఆ రెండో ప్రశ్నకు నికరమైన జవాబు ఉన్న సందర్భాలు తక్కువ. పిల్లల చెవిలో వేసే గ్రోమెట్ వాటిలో ఒకటి. అక్కడ నిజంగానే చూసినవాళ్లున్నారు, పదేళ్లపాటు ఓపిక పట్టి చూశారు. వాళ్లు చూసిందేమిటో చెప్పడానికే ఈ సాయంత్రం.

డాక్టర్లు కానివారి కోసం చెవి సంగతి రెండు ముక్కలు. కర్ణభేరి వెనక చిన్న గాలిగది ఉంటుంది. అక్కడి నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నని నాళం, దాన్ని యూస్టేషియన్ నాళం అంటాం. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అది తెరుచుకుని గదిలోకి గాలి పంపుతుంది. పిల్లల్లో ఈ నాళం పొట్టి, పైగా దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేసినా, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచినా ఇట్టే మూసుకుంటుంది. గదిలో మిగిలిన గాలిని లోపలి పొర పీల్చేసుకుంటుంది, పీడనం పడిపోతుంది, నీరు ఊరుతుంది. కొన్నాళ్లకు ఆ నీరు చిక్కబడి తుమ్మజిగురులా సాగుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చెవి కారదు. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. "పిలిస్తే పలకడండీ, అంతా వాళ్ల నాన్న మొండితనం" అని తల్లి చెప్పుకొచ్చే పిల్లాడికి ఆడియోగ్రామ్ తీస్తే 25, 30 డెసిబెల్స్ నష్టం కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే వాడు శుభ్రంగా వింటాడు. ఫ్యాను తిరిగే తరగతి గదిలో చివరి బెంచీకి వెళ్లేసరికి మాట జారిపోతుంది.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. బ్రిటన్ లెక్కల ప్రకారం పదేళ్లు నిండేలోగా పిల్లల్లో 80 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు చెవిలో ఇలా నీరు చేరుతుంది. చాలామందికి మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోనివాళ్లకే గ్రోమెట్. మత్తు ఇచ్చి, మైక్రోస్కోపు కింద కర్ణభేరి ముందు భాగంలో, కిందివైపు చిన్న గాటు పెట్టి, జిగురు పీల్చేసి, ఆ గాటులో దాన్ని కూర్చోబెడతాం. రెండు అంచులు, మధ్య సన్నని నడుము, ఆ నడుములో మిల్లీమీటరు పైచిలుకు రంధ్రం, అంతే దాని నిర్మాణం. నీరు ఆ రంధ్రంలోంచి బయటికి కారిపోతుందని తల్లిదండ్రులే కాదు, కొందరు డాక్టర్లు కూడా అనుకుంటారు. అది చేసేది వేరు. బయటి గాలిని లోపలికి వెళ్లనిస్తుంది. నాళం మానేసిన ఉద్యోగాన్ని తాత్కాలికంగా తాను చేస్తుంది.

తాత్కాలికంగా అనడానికి కారణం ఉంది. కర్ణభేరి మీది చర్మం నిత్యం మధ్య నుంచి అంచులకు జరుగుతూ ఉంటుంది. ఆ కదలికే గ్రోమెట్‌ను ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లో బయటికి తోసేస్తుంది. అది గులిమిలో ఇరుక్కుని చెవి దారిలో పడి ఉండగా చాలాసార్లు చూస్తాం. ఒక పెద్దావిడ మనవడిని తీసుకొచ్చి, కాగితం పొట్లం విప్పి టేబుల్ మీద పెట్టింది. "డాక్టరు బాబూ, పిల్లోడి చెవిలో పెట్టింది దిండు మీద రాలిపోయింది. పారేయకుండా దాచాను. మళ్లీ పెట్టేస్తారా?" "అక్కర్లేదమ్మా, రాలిపోవాలనే పెట్టాం" అంటే ఆమె నమ్మలేదు. డబ్బు పెట్టి వేయించుకున్న వస్తువు రాలిపోవడానికని ఎవరైనా అంటే నేనైనా నమ్మను.

దీని చరిత్ర పొడుగ్గా చెప్పను. 1801లో లండన్‌లో ఆస్ట్లీ కూపర్ కర్ణభేరికి రంధ్రం పెట్టి చెవుడు తగ్గించిన సంగతి రాయల్ సొసైటీకి నివేదించాడు, కాప్లే పతకం అందుకున్నాడు. వెంటనే యూరప్‌లో చెవుడు అన్నవాడికల్లా రంధ్రం పెట్టారు. నరం దెబ్బతిన్న చెవుడుకు కూడా పెట్టారు. ఫలితం ఊహించవచ్చు. పైగా రంధ్రం రోజుల్లో పూడిపోయేది. పూడకుండా ఉంచడానికి 1860ల చివర్లో వియన్నాలో ఆడమ్ పోలిట్జర్ గట్టి రబ్బరుతో చేసిన చిన్న వలయం వాడాడు. అదీ నిలవలేదు. 1954లో అమెరికాలోని నార్త్ కరోలినాలో బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లాస్టిక్ గొట్టంతో మళ్లీ మొదలుపెట్టాక ఇది ఊపందుకుంది. కొన్ని దశాబ్దాలకే అమెరికాలో మత్తు ఇచ్చి పిల్లలకు చేసే ఆపరేషన్లలో ఇదే మొదటి స్థానానికి చేరింది. కూపర్ నాటి కథ మరోసారి జరుగుతోందేమోనని అప్పుడు కొందరికి అనుమానం వచ్చింది. రావాల్సిందే.

అంత జోరుగా ఆపరేషన్లు చేయడానికి వెనక ఉన్న వాదం ఇది: మాటలు నేర్చే వయసులో చెవి మందగిస్తే భాష దెబ్బతింటుంది, చదువు దెబ్బతింటుంది, ఆ నష్టం జీవితాంతం ఉంటుంది, కనుక వెంటనే గొట్టం వేయాలి. వినగానే సబబుగా తోచే వాదం. సబబుగా తోచేవాటినే ముందు పరీక్షించాలి. ఆ పని పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్ అనే పిల్లల డాక్టరు, ఆయన బృందం చేశారు. ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే కనుక నెమ్మదిగా చెబుతాను.

1991 నుంచి 1995 దాకా రెండు నెలల లోపు వయసున్న 6,350 మంది ఆరోగ్యవంతులైన శిశువులను వాళ్లు నమోదు చేసుకున్నారు. నగరంలోని ఆసుపత్రుల నుంచి, శివార్ల నుంచి, చిన్న ఊళ్ల నుంచి, డబ్బున్నవాళ్ల, లేనివాళ్ల ఇళ్ల నుంచి. మూడేళ్లు వచ్చేదాకా ప్రతి పిల్లా పిల్లాడి చెవినీ కనీసం నెలకోసారి చూశారు. పసిపిల్లల చెవి చూడటమంటే ఏమిటో ఈ హాలులో తెలిసినవాళ్లున్నారు. ఏడుపు, తన్నులు, గులిమి, అన్నీ దాటుకుని ఒక్క క్షణం కర్ణభేరి కనిపిస్తే అదృష్టం. వాళ్లు కర్ణభేరి మీదికి గాలి ఊది అది కదులుతుందో లేదో కూడా ప్రతిసారీ చూశారు. రెండు చెవుల్లోనూ 90 రోజులు, లేదా ఒక చెవిలో 135 రోజులు నీరు నిలిచిన పిల్లల్లో 429 మంది తల్లిదండ్రులు ప్రయోగానికి ఒప్పుకున్నారు. చీటీ తీసినట్టు వాళ్లను రెండుగా విడదీశారు. ఒక జట్టుకు వెంటనే గొట్టాలు. రెండో జట్టుకు, నీరు అలాగే ఉంటే, ఆరు లేదా తొమ్మిది నెలలు ఆగాక.

మూడేళ్ల వయసులో భాష, మాట, తెలివి పరీక్షించారు. తేడా లేదు. నాలుగేళ్లప్పుడూ లేదు, ఆరేళ్లప్పుడూ లేదు. విమర్శకులు ఊరుకోలేదు. అసలు నష్టం బడికి వెళ్లాక, చదవడం, రాయడం, శ్రద్ధ దగ్గర బయటపడుతుంది కదా అన్నారు. సరేనని 9 నుంచి 11 ఏళ్ల మధ్య 391 మందిని మళ్లీ పిలిపించి 48 రకాల కొలతలు తీశారు. చదివి అర్థం చేసుకోవడంలో వెంటనే ఆపరేషన్ అయిన జట్టు సగటు 98, ఆగిన జట్టు సగటు 99. లెక్కల్లో ఇద్దరికీ 99. ఈ ఫలితం 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 429 మందిలో 391 మందిని పదేళ్ల తర్వాత కూడా పట్టుకోగలగడం నాకు ఫలితం కంటే ఎక్కువ ఆశ్చర్యం. మన ఆసుపత్రుల్లో పది రోజుల తర్వాత కుట్లు తీయించుకోవడానికి ఎందరు వస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆగిన జట్టులో కూడా చివరికి అందరికీ గొట్టాలు పడలేదని గుర్తుంచుకోండి. పదేళ్లు దాటేసరికి వాళ్లలో దాదాపు సగం మందికే పడ్డాయి. అంటే మిగతా సగం పిల్లలు మత్తు, థియేటరు, గాటు ఏవీ లేకుండా అదే చోటికి చేరారు.

ఈ ఫలితాన్ని చేతిలో పట్టుకుని "గ్రోమెట్ దండగ" అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. బ్రిస్టల్‌లో రిచర్డ్ మా అనే డాక్టరు బృందం 1999లో ప్రచురించిన ప్రయోగం చూడండి. అందులోని పిల్లలు మూడేళ్లవాళ్లు, పిట్స్‌బర్గ్ పిల్లల కంటే పెద్దవాళ్లు. ఇబ్బంది ఉందని ఆసుపత్రికి వచ్చినవాళ్లు. అక్కడ తొమ్మిది నెలలు ఆగిన పిల్లలు భాషలో సుమారు మూడు నెలలు వెనకబడ్డారు. పద్దెనిమిది నెలల నాటికి వాళ్లలోనూ ఎక్కువమందికి ఆపరేషన్ అయిపోయింది, ఆ తేడా చెరిగిపోయింది. ఎప్పటికీ పూడని నష్టం లేదు. కానీ మూడేళ్ల పిల్లకు మూడు నెలలు చిన్న కాలం కాదు, ఆ మూడు నెలలు ఇంట్లో ఆమెతో గడిపే అమ్మకు అసలు కాదు. పైగా అంగిలి చీలిక ఉన్న పిల్లలు, డౌన్ సిండ్రోమ్ పిల్లలు, పుట్టుకతో చెవి నరం బలహీనంగా ఉన్నవాళ్లు, ఇప్పటికే మాటలు ఆలస్యమైనవాళ్లు పిట్స్‌బర్గ్ లెక్కలోకి రారు. అంగిలి చీలికలో యూస్టేషియన్ నాళాన్ని తెరిచే కండరమే సరిగా అతుక్కుని ఉండదు, కాబట్టి వాళ్లకు నీరు తనంతట తాను పోతుందని ఎదురుచూడటంలో అర్థం తక్కువ.

వినికిడి సంగతికొస్తే, ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన 2010 నాటి కొక్రేన్ సమీక్ష సూటిగా చెప్పింది. గొట్టం వేసిన మూడు నెలలకు లాభం సుమారు 12 డెసిబెల్స్. ఆరు, తొమ్మిది నెలలకు అది 4 డెసిబెల్స్‌కు దిగుతుంది. ఆ తర్వాత రెండు జట్లూ ఒకటే, ఎందుకంటే ఒకరికి గొట్టం ఊడిపోయింది, మరొకరికి నీరు పోయింది. బ్రిటన్‌లో మూడున్నర నుంచి ఏడేళ్ల పిల్లల మీద జరిగిన టార్గెట్ అనే ప్రయోగంలో అడినాయిడ్స్ కూడా తీసినవాళ్లకు మాత్రం మేలు రెండేళ్లదాకా నిలిచింది. నా మట్టుకు నేను తల్లిదండ్రులతో అనే మాట ఇదే: మీరు కొంటున్నది కొన్ని నెలల మంచి వినికిడి. పిల్లాడికి ఆ నెలలు అవసరమైతే కొనండి. ఐఐటీ సీటు కోసం కొనకండి.

ఇక మాస్టారి ప్రశ్న, చెవి ఎలా ఉంటుంది? దీనికి నాకు నచ్చిన ప్రయోగం డెన్మార్క్‌లో మిర్కో టోస్ బృందానిది. రెండు చెవుల్లో నీరున్న పిల్లలకు కుడి చెవిలో గొట్టం వేసి, ఎడమ చెవిలో గాటు మాత్రం పెట్టారు. అదే పిల్లాడు, అదే జలుబు, అదే ముక్కు, చెవులు మాత్రం రెండు. ఏళ్ల తర్వాత చూస్తే గొట్టం వేసిన కుడి చెవుల్లో తెల్లటి మచ్చలు చాలా ఎక్కువ. వినికిడిలో తేడా మాత్రం లెక్కలోకి తీసుకోనంత తక్కువ. ఆ తెల్ల మచ్చను టింపనోస్క్లెరోసిస్ అంటాం, పొరలో సున్నం పేరుకోవడం. కొత్త డాక్టరు చూస్తే గాభరా పడతాడు. "చెవి పొర పాడైంది" అని చీటీ మీద రాసిస్తాడు, తల్లి ఆ చీటీ పట్టుకుని నాలుగు ఆసుపత్రులు తిరుగుతుంది. ఆడియోగ్రామ్ బాగుంటే ఆ మచ్చకు వైద్యం లేదు, అవసరమూ లేదు.

2001లో అమెరికాలో కే, నెల్సన్, రోసెన్‌ఫెల్డ్ 134 పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. గొట్టం ఊడిన చెవుల్లో 32 శాతానికి తెల్ల మచ్చలు, 25 శాతానికి పొర ఒకచోట పలచబడటం. ఈ రెండింటినీ పక్కన పెడదాం. భయపడాల్సినవి తర్వాతి మూడు. పొర లోపలికి కుంగి గుంట పడటం 3.1 శాతం, చెవి లోపల చర్మం పేరుకుని ఎముకను తినే కొలిస్టియటోమా 0.7 శాతం, రంధ్రం పూడకుండా మిగిలిపోవడం మామూలు గ్రోమెట్లలో 2.2 శాతం. అదే ఎక్కువకాలం నిలవడానికి చేసిన టీ ఆకారపు గొట్టాల్లో రంధ్రం మిగిలేది 16.6 శాతం. ఆరుగురిలో ఒకరన్నమాట. ఈ ఒక్క అంకె చాలు. "మళ్లీ మళ్లీ మత్తెందుకు సార్, ఎక్కువ రోజులుండేది వేసేయండి" అని తండ్రి అడిగినప్పుడు ఎంత సబబుగా అనిపించినా, మొదటిసారే టీ గొట్టం వేయకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. మామూలు గ్రోమెట్ కూడా మూడేళ్లకీ ఊడకపోతే తీసేసే ఆలోచన చేస్తాం, ఎందుకంటే ఉన్నకొద్దీ రంధ్రం మొండికేస్తుంది.

కుంగిన గుంట, కొలిస్టియటోమాల నింద గొట్టం మీద వేయడం ఎంత న్యాయమో తేల్చడం కష్టం. నీరు అన్నేళ్లు నిలిచిన చెవికి గొట్టం లేకపోయినా అవి రావచ్చు. కాబట్టే గొట్టం వేసిన చెవిని గొట్టం ఊడాక కూడా చూడాలి.

చీము సంగతి కొంచెం. గొట్టం ఉండగా నలుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకసారి చెవి కారుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో రెండు వారాల తర్వాత కూడా చెవి కారుతున్నవాళ్లు, స్టెరాయిడ్ కలిసిన యాంటిబయాటిక్ చుక్కలు వేసినవాళ్లలో 5 శాతం, నోటి ద్వారా సిరప్ తాగినవాళ్లలో 44 శాతం, ఏమీ వాడనివాళ్లలో 55 శాతం. ఇంత ఏకపక్షమైన ఫలితం మా శాఖలో అరుదు. అయినా మన మందుల షాపుల్లో మొదట చేతికొచ్చేది సిరప్ సీసానే. చుక్కల్లోనూ గొట్టం ఉన్న చెవికి ఏవి పడితే అవి పనికిరావు. కొన్ని లోపలి చెవికి హాని చేస్తాయి. స్నానానికి, ఈతకు అందరికీ చెవి బిరడాలు అవసరం లేదని ఇప్పుడు తేలింది. నీళ్లకంటే నాకు భయం నూనె. చెవి పోటు అనగానే వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నూనె చుక్కలు వేసే అమ్మమ్మలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. గొట్టం ఉన్న చెవిలో అది తిన్నగా లోపలి గదిలోకి పోతుంది. ఆపరేషన్ రోజు ఈ మాట తల్లికి చెప్పి ఊరుకుంటే లాభం లేదు, ఇంట్లో నూనె గిన్నె ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకు చెప్పాలి.

మాటిమాటికీ చెవి పోటు, జ్వరం వచ్చే పిల్లలకు గొట్టం వేయడం వేరే కథ. 2021లో పిట్స్‌బర్గ్ నుంచే హోబర్మన్ బృందం చెప్పినదాన్నిబట్టి రెండేళ్లలో సగటున ఏడాదికి గొట్టం వేసినవాళ్లకు 1.48 సార్లు, మందులతో నెట్టుకొచ్చినవాళ్లకు 1.56 సార్లు చెవి పోటు వచ్చింది. అక్కడా వయసే వైద్యం చేసింది.

ఇదంతా పిట్స్‌బర్గ్, బ్రిస్టల్, డెన్మార్క్. కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ఓపీలో, విశాఖ ఈఎన్‌టీ ఆసుపత్రి ఓపీలో కూర్చున్నవాళ్లకు రోజూ కనిపించేది ఇంకోటి. ఏళ్ల తరబడి కారుతున్న చెవి, పెద్ద రంధ్రం, దూదిపెట్టుకుని వచ్చిన పదిహేనేళ్ల అమ్మాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 నివేదికలో చెవి చీము బెడద అత్యధికంగా, జనాభాలో 4 శాతానికి మించి ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉంది. పాశ్చాత్య దేశాల్లో చర్చ అక్కర్లేని ఆపరేషన్లు ఎలా తగ్గించాలన్నది. మనకు ఒకే ఊళ్లో రెండు చర్చలు. కార్పొరేట్ ఆసుపత్రిలో నీరు కనబడిన వారానికే గొట్టం వేసేస్తున్నారు. మూడు నెలలు ఆగి చూడమనే నియమం అక్కడ వినబడదు. నలభై కిలోమీటర్ల అవతల గూడెంలో మూడేళ్లయినా పిల్లాడి చెవిలోకి టార్చి వేసి చూసినవాళ్లు లేరు. ఆగి చూడటం అంటే ఊరికే ఆగడం కాదు. మూడు నెలల తర్వాత మళ్లీ చూసే మనిషి లేకపోతే దాన్ని వైద్యం అనలేం.

యంత్రాంగం కాగితం మీద లేకపోలేదు. చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం 2006-07లో 25 జిల్లాల్లో మొదలైంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతికే 30 లోపాల్లో చెవి ఇన్‌ఫెక్షన్, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. ఆ కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. గొట్టం వేసిన పిల్లాడు అది ఊడిపోయాక ఆసుపత్రికి రాడు. వాడికి వినబడుతోంది, తండ్రికి కూలి పోతుంది, ఎందుకొస్తాడు? కానీ బడికి వస్తాడు. బృందమూ అక్కడికే వస్తుంది. ఆ పిల్లాడికి గొట్టం వేశారన్న కబురు బృందానికి అందదు, అంతే లోపం.

అందుకే ఈ ఉపన్యాసం నడిపే ఎండోమెంట్ కమిటీ ముందు చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. నిధి మీద వచ్చే వడ్డీ ఏటా ఒక ఉపన్యాసానికి, శాలువాకు, జ్ఞాపికకు పోతోంది. వచ్చే ఏడాది శాలువా మానేద్దాం. ఆ డబ్బుతో ఈ జిల్లాలో గ్రోమెట్ వేసిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒక అట్ట కార్డు అచ్చు వేయిద్దాం. ఏ చెవి, ఏ రకం గొట్టం, వేసిన తేదీ, ఊడిన తేదీ. కింద రెండు గళ్లు: ఊడిన ఆరు నెలలకు ఒక ఆడియోగ్రామ్, బడిలో చేరిన ఏడాది మరొకటి. అది ఆసుపత్రి ఫైల్లో కాదు, టీకాల కార్డుతో పాటు తల్లి దగ్గరే ఉండాలి, ఎందుకంటే మన ఇళ్లలో పోకుండా ఉండే కాగితం అదొక్కటే. అచ్చు ఖర్చు నేను కనుక్కున్నాను, శాలువా కంటే తక్కువే అవుతుంది. నమూనా కార్డు అధ్యక్షుల వారికి ఇస్తున్నాను, చూసి మార్పులు చెప్పండి.